మేకులు కొట్టిన కిటికీల గురించి: మా విశ్వవిద్యాలయ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి, రిజిస్ట్రార్ గారికి, చీఫ్ వార్డెన్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

అనంతపురం నుంచి హాస్టల్ విద్యార్థులు రాసుకుంటున్నది.

హాస్టల్ కిటికీలకి కొట్టిన మేకులు తీయించి గదుల్లో గాలి ఆడేలా చూడమని మొదటి అర్జీ నవంబరులో ఇచ్చాం. రెండోది సంక్రాంతి సెలవులయ్యాక ఇచ్చాం. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి వచ్చింది: మెస్ హాలు గుమ్మం దగ్గర ఒక శానిటైజర్ సీసా, నోటీసు బోర్డు మీద "చేతులు శుభ్రంగా కడుక్కోవలెను" అన్న కాగితం. సీసా నాలుగు రోజుల్లో ఖాళీ అయింది. కాగితం ఇంకా ఉంది. మేం అడిగింది చేతుల గురించి కాదు, పీల్చే గాలి గురించి. రెండుసార్లు మీ చేతికిచ్చినా అది మీకు చేరలేదు కాబట్టి ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాం.

రాస్తున్నది నేనైనా సంతకాలు మూడు బ్లాకులవి. పీజీ రెండో ఏడు చదువుతున్నాను. మాది మూడో అంతస్తు, ఇద్దరి కోసం కట్టిన గదిలో నలుగురం. దసరా సెలవుల నుంచి వచ్చాక మా నాలుగో మంచం అబ్బాయికి దగ్గు పట్టుకుంది. సిరప్పు తాగాడు, మిరియాల పాలు తాగాడు, ఎవరో చెప్తే తులసాకు నమిలాడు. ఏడు వారాలు దగ్గాడు. బరువు తగ్గాడు. "ఈ మెస్ కూడు తిని లావెక్కినోడు ఎవడుండాడప్పా" అని నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. సాయంత్రమైతే జ్వరం కాసేది, రాత్రి దిండు తడిసేలా చెమట పట్టేది. చివరికి ఊరికి పోయినప్పుడు వాళ్లమ్మ చూసి భయపడి ఆసుపత్రికి తీసుకుపోయింది. తెమడ పరీక్షలో క్షయ అని తేలింది.

ఆ ఏడు వారాలూ మా గది కిటికీ ఒక్కసారీ తెరుచుకోలేదు. ఎందుకంటే దానికి మేకులు కొట్టి ఉన్నాయి. కోతులు లోపలికొచ్చి బట్టలు, పుస్తకాలు చింపేస్తున్నాయని రెండేళ్ల కిందట ఆ వరస గదులన్నిటికీ కొట్టించారు. కోతుల బెడద అబద్ధం కాదు. నా రికార్డు పుస్తకం కూడా ఒకటి ఎత్తుకుపోయింది. కానీ మేకులు పీకించమని అడగబోతే మాకొచ్చిన మాట ఇది: "ఏమప్పా, దగ్గులకు గూడా అర్జీలేనా? కరోనా ఎప్పుడో అయిపాయ గదా."

అక్కడే మాకూ మీకూ తేడా వస్తోంది. గాలి ద్వారా అంటుకునే జబ్బులు కరోనాతో పుట్టలేదు, కరోనాతో పోలేదు. క్షయ క్రిమిని కనుక్కున్నట్టు రాబర్ట్ కోచ్ ప్రకటించింది 1882 మార్చి 24న. ఏటా ఆ రోజున మన క్యాంపస్‌లో కూడా బ్యానరు పట్టుకుని ఫొటో దిగుతాం. అది గాలిలోంచే అంటుతుందని అనుమానం లేకుండా చూపించింది మాత్రం 1950ల చివర్లో. అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ అనే వైద్యుడు క్షయ రోగుల వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పై గదిలోని గినీ పందుల దగ్గరికి పంపాడు. అవి రోగుల్ని ముట్టలేదు, వాళ్ల కంచంలో తినలేదు. వార్డు గాలి పీల్చాయంతే. వాటికి క్షయ సోకింది. క్రిముల్ని చంపే అతినీలలోహిత కాంతి గుండా పోయిన గాలిని పీల్చిన గుంపుకి సోకలేదు.

ఈ సంగతి ఆలస్యంగా ఒప్పుకున్నది మీరొక్కరే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతటిది 2020 మార్చి 28న "కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు" అని ప్రకటించింది, తర్వాత మెల్లగా మాట మార్చుకుంది. ఇలాంటి జబ్బుల్ని ఏ పేరుతో పిలవాలో తేల్చుకోవడానికి ఆ సంస్థకి 2024 దాకా పట్టింది. అందుకే చేతులు కడుక్కోమన్న కాగితం చూసి మేం మిమ్మల్ని వెక్కిరించడం లేదు. చేతులు కడుక్కుంటే విరేచనాలు తగ్గుతాయి, మంచిదే. క్షయ తగ్గదు.

మా తప్పులు కూడా చెప్పుకోవాలి. ఈ లేఖ రాసేముందు గది గదికీ తిరిగి అడిగాం. "వయసులో ఉండాం, మనకేమైతుంది" అన్నవాళ్లే ఎక్కువ. మాస్కు పెట్టుకుంటే పిరికివాడంటారని కొందరు, జబ్బుందని అనుకుంటారని కొందరు. అమ్మాయిలు ఎండకీ దుమ్ముకీ ముఖమంతా చున్నీ చుట్టుకుని ఆరుబయట నడుస్తారు, కిటికీలు మూసిన క్లాసులోకి రాగానే విప్పేస్తారు. ఆరుబయట గాలికి జబ్బు అంటుకునే ప్రమాదం చాలా తక్కువ, మూసిన గదిలోనే ఎక్కువ. అంటే మేం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. (చున్నీ ఎన్ని మడతలు వేసినా ఎన్95 కాదనుకోండి, అది వేరే సంగతి.) డిసెంబరు చలికి వెంటిలేటర్ సందుల్లో పేపర్లు కుక్కింది కూడా మేమే.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకోటి. మా మిత్రుడి సంగతి తెలిశాక మెస్‌లో కొందరు వాడి కంచం, గ్లాసు వేరు చేశారు. క్షయ కంచం వల్ల రాదు, చెయ్యి కలిపితే రాదు. ఏడు వారాలు వాడితో ఒకే గాలి పీల్చినవాళ్లం, మందులు మొదలుపెట్టాక వాడి గ్లాసుకి భయపడ్డాం. మందులు సరిగా పడితే మామూలుగా రెండు వారాల్లో ఇతరులకి అంటించే గుణం బాగా తగ్గిపోతుందని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఆరోగ్య కేంద్రం పది నుంచి ఒంటిగంట దాకా, అంటే సరిగ్గా మా క్లాసుల వేళకే తెరిచి ఉంటుంది.

ఇలా వదిలేస్తే ఎవరి మీద పడుతుందో చెప్తాం.

1. మొదట జబ్బు పడ్డవాడి మీద. ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండి కోసం నెలకి 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. వీటిలో ఏదీ వాడి హాజరు పట్టీని కాపాడదు. ఫీజు రీయింబర్స్‌మెంటు రావాలంటే 75 శాతం హాజరు ఉండాలి. అందుకే దగ్గుతూ జ్వరంతో క్లాసుకొచ్చి వేలిముద్ర వేసి బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నవాళ్లని మేం రోజూ చూస్తున్నాం. జబ్బు దాచుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ నిబంధనే చెప్తోంది.

2. మూడు గంటల పరీక్ష హాలు. చీటీలు అందిస్తారని కిటికీలు మూసేస్తారు. ఏప్రిల్‌లో అనంతపురం ఎండ 42 డిగ్రీలు దాటుతుంది, పైన ఫ్యాన్లు ఉన్న గాలినే గిరగిరా తిప్పుతాయి. సెమినార్ హాల్లో ఏసీ ఉంది కదా అంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని ఒక్క గుక్కెడు కూడా లోపలికి తేదు. లోపలిదాన్నే చల్లబరిచి మళ్లీ మన ముఖాన కొడుతుంది. వంద మంది ఊపిరిని చల్లగా పంచుకోవడం తప్ప అందులో ఇంకేం లేదు.

3. అమ్మాయిల హాస్టల్. అక్కడ కోతులు కాదు, ఎదురుగా గ్రౌండు. అబ్బాయిలు చూస్తారని కిటికీలకి ప్లైవుడ్ చెక్కలు బిగించారు. చూసేవాళ్లని అదుపు చెయ్యడం చేతకాక అమ్మాయిల గాలి ఆపేశారు. పైగా ఆడపిల్లకి క్షయ అని తెలిస్తే పెళ్లి సంబంధాలు రావని ఇళ్లలో భయం. దగ్గితే పక్కగదికి వినపడకుండా దుప్పటి నోట్లో కుక్కుకున్నానని ఒక చెల్లెలు చెప్పింది. ఇద్దరు అక్కలైతే తెమడ పరీక్షకి పోవడానికే ఒప్పుకోలేదు. అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపాకు కట్టి, పిల్లని పక్కగదిలో పడుకోబెట్టి, సాకుతారు. ఎవరూ సిగ్గుపడరు. దగ్గుకి అలాంటి మర్యాద లేదు.

4. మా ఇళ్లు. ఇది మీరు నిదానంగా చదవాలని కోరుతున్నాం. మాలో చాలామంది సెలవొస్తే ఎర్రబస్సెక్కి ఊరికి పోతాం. ఒకరి నాన్న తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాడు. రాతి దుమ్ము పేరుకున్న ఊపిరితిత్తులకి క్షయ సులువుగా పట్టుకుంటుందని వైద్యులకి ఎప్పటి నుంచో తెలుసు. ఇంకొకరి అవ్వకి చక్కెర జబ్బు, అదీ అంతే. ఒకరి అక్క కాన్పుకి పుట్టింటికొచ్చి ఉంది. క్షయ క్రిమి సోకినవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా మారుతుంది, అందులోనూ ఎక్కువగా మొదటి రెండేళ్లలో. మాకు తిండీ వయసూ ఉన్నాయి కాబట్టి మేం తప్పించుకోవచ్చు. మా నుంచి తీసుకునేవాళ్లు తప్పించుకోలేకపోవచ్చు. కూలి పోతే ఆ పూట సంగటి ఉడకని ఇళ్లవి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారని చదివినప్పుడు అది ఎవరో అనుకుంటాం. మా ఊర్లే.

5. మెస్‌లో వండేవాళ్లు, ఊడ్చేవాళ్లు, రాత్రి కాపలా ఉండేవాళ్లు. అంతా కాంట్రాక్టు మనుషులు. బియ్యం మూటల గదిలో పడుకుంటారు. జ్వరమొచ్చిందని చెప్తే ఆ రోజు జీతం కోత. వాళ్ల తరఫున ఏ అర్జీలోనూ ఎవరూ సంతకం పెట్టలేదు, మేమూ పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాం.

డబ్బు లేదంటారని తెలుసు. అందుకే ఖర్చు లేని మాట ముందు చెప్తాం.

మన క్యాంపస్‌లో పాత బ్లాకు ఉంది. ఎత్తు పైకప్పు, ఎదురెదురు కిటికీలు, వాటి మీద వెంటిలేటర్లు. కొత్త బ్లాకుకి పైకప్పు చేతికందుతుంది, కిటికీ ఒకే పక్క. పెరూ దేశంలోని లిమా నగరంలో ఆసుపత్రి గదుల్ని కొలిచి 2007లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గంటకి సగటున 28 సార్లు గాలి మారింది. యంత్రాలతో గాలి ఆడించే గదులకి లెక్క గంటకి 12 సార్లు. పెద్ద కిటికీలు, ఎత్తు పైకప్పులు ఉన్న పాత కట్టడాలు కొత్తవాటికన్నా ఎంతో మెరుగ్గా తేలాయి. అంత దూరం ఎందుకు, మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టక ముందు క్షయకి మందే లేదు. ఉన్నదల్లా గాలి, విశ్రాంతి, మంచి తిండి. వాటి కోసమే వందేళ్ల కిందట మన సీమ కొండగాలిలో అక్కడ క్షయ రోగుల శానిటోరియం కట్టారు. 1948లో దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు మొదలైంది కూడా మదనపల్లెలోనే. సీమలో ఇంత చరిత్ర ఉండి, మా హాస్టల్‌లో ఊపిరాడకపోవడమేమిటి?

మా అవ్వవాళ్ల మట్టి మిద్దెకి నడిమధ్యన గవాచి, అంటే పైకప్పులో బొక్క ఉండేది. పొయ్యి పొగ, జనం ఊపిరి, వేడి అన్నీ అందులోంచి పైకి పోయేవి. వాన పడితే దాని మీద బండ జరిపేవాళ్లు, వెలిశాక తీసేవాళ్లు. చదువురాని మేస్త్రీ పెట్టిన ఆ బొక్క, ఇంజినీర్లు సంతకాలు చేసిన మన కొత్త బ్లాకులో లేదు. ఆషాఢంలో మనిషిని తోసేసే గాలి ఉన్న ఊరు మనది, రామగిరి కొండల మీద అదే గాలితో కరెంటు తీస్తున్నారు.

ఇంకొక లెక్క. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకి 420 పాళ్లకి కాస్త పైన ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో 40,000 దాకా ఉంటుంది. కాబట్టి గదిలో ఆ అంకె పెరిగిందంటే మనం పీలుస్తున్నది పక్కవాడు వదిలిందన్నమాట. 800 దాటకుండా చూసుకోమని నిపుణులు అంటారు. ఫిజిక్స్ చదివే మిత్రుడు తన డబ్బులతో కొన్న మీటరు ఒక రాత్రి మా గదిలో పెట్టాం. తెల్లారేసరికి అంకె రెండున్నర వేలు దాటింది. తలుపు తెరిచి పళ్లు తోముకుని వచ్చేలోపు సగానికి పడిపోయింది. ఆ మీటరు మీరు కూడా ఒక రాత్రి పెట్టుకోవచ్చు, ఇస్తాం.

మేం అడుగుతున్నవి ఇవి.

1. హాస్టల్ కిటికీల మేకులు, చెక్కలు పరీక్షలు మొదలవకముందే తీసేయాలి. కోతులకి బయటివైపు ఇనుప మెష్, దోమలకి లోపల జాలీ. అమ్మాయిల హాస్టల్‌లో కింది సగం మసక అద్దం, పై సగం తెరుచుకునేలా.

2. పరీక్ష హాళ్లలో కిటికీలు తెరిచే ఉండాలి. చీటీల భయానికి ఇన్విజిలేటర్‌ని పెంచండి. ఏసీ ఉన్న సెమినార్ హాలు, లైబ్రరీలలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించాలి, గంటకోసారి తలుపులు తెరవాలి. మనిషికి సెకనుకి 10 లీటర్ల తాజా గాలి అందాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అందుతోందో లేదో మన ఇంజినీరింగ్ విభాగమే కొలవగలదు.

3. రెండు వారాలకి మించి దగ్గు ఉన్నవాళ్లకి హాజరు కోత లేకుండా సెలవు. తర్వాత సర్టిఫికెట్ తెస్తే కండోనేషన్ (తగ్గిన హాజరుని మన్నించే) ఫీజు కట్టి బయటపడే పద్ధతి కాదు, కోతే ఉండకూడదు. ఇది ఒక్కటి చేస్తే జబ్బు దాచుకునేవాళ్లు సగం మంది తగ్గుతారని మా నమ్మకం.

4. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ వారికి: క్షయ రోగితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లందరినీ పరీక్షించి, జబ్బు లేనివాళ్లకి నివారణ మందు ఇవ్వాలని జాతీయ కార్యక్రమమే చెప్తోంది. మా నలుగురి గది ఇల్లు కాదా? మా మిత్రుడికి జబ్బని తేలాక మమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. మేమే ఆటో కట్టుకుని పోయి లైన్లో నిలబడి పరీక్షలు చేయించుకున్నాం. రేపు ఇంకో గదిలో బయటపడితే మీ సిబ్బంది హాస్టల్‌కి రావాలి, వచ్చినప్పుడు మెస్, కాపలా, పారిశుద్ధ్య సిబ్బందిని కూడా కలిపి చూడాలి. పేర్లు గోప్యంగా ఉంచాలి, నోటీసు బోర్డుకి ఎక్కకూడదు.

5. ఆరోగ్య కేంద్రం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా తెరవాలి. దగ్గుతో వచ్చినవాళ్లకి అక్కడ మాస్కు ఉచితంగా ఇవ్వాలి. మాస్కు రోజంతా అందరూ పెట్టుకోవాలని మేం అడగడం లేదు. అది జరగదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. దగ్గేవాడు పెట్టుకుంటే పక్కవాడు నవ్వకుండా ఉండే బాధ్యత మాది.

6. ఇద్దరి గదిలో ఇద్దరు. ఇది రేపటికి అయ్యే పని కాదు. ఎప్పటికి అవుతుందో తేదీ చెప్పండి.

మా వైపు నుంచి: వెంటిలేటర్లలో కుక్కిన పేపర్లు నిన్ననే తీసేశాం. కంచం వేరు చేసినవాళ్లు వాడికి ఫోన్ చేసి మాట్లాడారు. మందులు మూడో నెలలో ఉన్నాయి, నాలుగు కిలోలు పెరిగాడట, ఉగ్గాని తినడానికి ఎప్పుడొస్తావురా అంటే పరీక్షలకే వస్తానన్నాడు. వాడొచ్చేసరికి ఆ గది కిటికీ తెరిచి ఉండాలి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. కనీసం మొదటి అంశానికి అనుమతి కాగితం ఇచ్చినా చాలు, మనుషుల్ని పంపనక్కర్లేదు. సుత్తి, మేకులు పీకే పట్టకారు మెకానికల్ వాళ్ల దగ్గర ఉన్నాయి, ఆదివారం పొద్దున్నే మొదలుపెడతాం.

ఇట్లు,
మూడు బ్లాకుల హాస్టల్ విద్యార్థులు,
అనంతపురం